జానమ్మ చెప్పిన నో

ఎర్రగట్టు మిషను దవాఖానలో రోగుల మాట డాక్టరుకు చెప్పే దుబాసీ పని దొరికే నాటికి జానమ్మకు పందొమ్మిదేళ్లు. అంతకు ముందు ఏడాదిన్నర పాటు అదే దవాఖానలో నేల కడిగింది, రోగుల మలమూత్రాలు ఎత్తిపోసింది. మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినా, తల్లి ఈదమ్మతో పాటు నాట్లకు పోవలసిన పిల్లే. అయితే ఆమెకు ఇంగ్లీషు మాటలంటే పిచ్చి. మందు సీసాల మీద, సబ్బు పెట్టెల మీద ఏది కనబడితే అది కూడబలుక్కుని చదివేది.

దవాఖానకు పెద్ద డాక్టరు మిస్ హార్పర్. ఊళ్లవాళ్లకు దొరసానమ్మ. ఆమె కోస్తా వైపు రెండేళ్లుండి, పుస్తకాలు ముందేసుకుని తెలుగు నేర్చుకుని వచ్చింది. "మీకు ఉదరమందు నొప్పి కలదా?" అని అడిగితే చిట్యాల చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు కళ్లప్పగించి చూసేవాళ్లు. వాళ్లు "పెయ్యంత గుంజుతాంది దొరసానీ, పానం సుస్తుగున్నది" అంటే ఆమెకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పాత దుబాసీ ముసలితనం వచ్చి మానుకున్నాక, నర్సుల పెద్ద శ్యామలమ్మ సిస్టరు జానమ్మ పేరు చెప్పింది.

శ్యామలమ్మది గుంటూరు జిల్లా. మనిషి కఠినంగా కనిపించేది కానీ జానమ్మను తీర్చిదిద్దాలని ఆమెకు నిజంగానే ఉండేది. రోజూ సాయంత్రం పది ఇంగ్లీషు మాటలు రాసిచ్చేది. "అర్థం బట్టీ పడితే సరిపోదమ్మాయ్. ఒక్కో మాటనీ వాక్యంలో పెట్టి చూపించు. వాక్యంలో పెట్టలేని మాట నీకు రానట్టే" అనేది. జానమ్మ నోటుబుక్కులో తలుపు తెరిచి ఉంది, పాప ఏడుస్తోంది, నాకు ఆకలిగా ఉంది అంటూ ఇంగ్లీషు వాక్యాలు రాసేది. సిస్టరు ఎర్ర పెన్సిలుతో టిక్కు పెడితే ఆ రాత్రి అన్నం రుచిగా ఉండేది. ఇమ్మీడియెట్లీ, అన్‌ఫార్చునేట్లీ లాంటి పెద్ద మాటలు వచ్చినప్పుడు వాటిని వారం రోజులు నోట్లోనే ఉంచుకుని, ఎక్కడ వాడదామా అని చూసేది. ఎస్, నో అనే మాటలు మాత్రం ఆ జాబితాలో ఎన్నడూ రాలేదు. అవి రాని వాళ్లుంటారని ఎవరూ అనుకోలేదు.

పందొమ్మిది వందల యాభై తొమ్మిది ఎండాకాలంలో ఆండాళు దవాఖానలో చేరింది. సాలెవాళ్ల కోడలు. పెళ్లయి మూడేళ్లు. కడుపులో గడ్డ పెరుగుతోంది. వచ్చే నాటికే ఆరు నెలల గర్భిణీలా కనిపించేది, మనిషి మాత్రం పుల్లలా ఎండిపోయింది. భర్త వెంకటరాజం ఆమెను చేర్పించి, మగ్గం మీద సగంలో ఉన్న చీర దించాలని ఊరికి వెళ్లి, మళ్లీ వచ్చి, అట్లా తిరుగుతుండేవాడు. ఆండాళు దగ్గర ఉన్నది అత్త ఉప్పలమ్మ.

ఉప్పలమ్మ కోడలికి తల దువ్వేది, కాళ్లు పిసికేది, ఆమె కళ్లు మూసుకుంటే విసనకర్ర పట్టుకుని కూర్చునేది. పక్క మంచాల వాళ్లు "తల్లివా?" అని అడిగితే "అత్తనే గాని నేను కన్న ఆడపిల్లలందరు పోయిన్రు. గీమెనే నాకు బిడ్డ" అనేది. జానమ్మను కూడా బిడ్డా అనే పిలిచేది. సాలెవాళ్ల ముసలమ్మ తనను నోరారా బిడ్డా అనడం జానమ్మకు కొత్త. ఆ మంచం దగ్గర ఒక నిమిషం ఎక్కువ నిలబడేది.

ఆపరేషను బుధవారం పొద్దున. ముందు రోజు సాయంత్రం నుంచి ఏమీ పెట్టొద్దని, మంచినీళ్లు కూడా తాగించొద్దని జానమ్మే ఉప్పలమ్మకు చెప్పింది. ఎందుకు పెట్టొద్దో చెప్పలేదు. దొరసానమ్మ చెప్పమన్నంత వరకే చెప్పింది.

బుధవారం ఆరున్నరకు జానమ్మ మంచం దగ్గరకు వచ్చి అడిగింది.

"అవ్వా, రాత్రి సంది ఏం పెట్టలేదు గద?"

ఉప్పలమ్మ దాచలేదు. "పొద్దుగాల దూపైతాంది అత్తమ్మా అని ఒక్కటే ఏడుపు బిడ్డా. నోరంత ఎండుకపోయింది. ఉత్త కడుపు మీద కత్తి పెడ్తే ఎట్ల ఓర్సుకుంటది? గిన్నెడు అంబలి తాపిన. గంతే."

"అయ్యో, వద్దన్న గద అవ్వా!"

"తప్పాయెనా? జర దొరసానికి చెప్పు బిడ్డా. ఏమంటదో అడుగు."

జానమ్మ పరుగున పోయింది. దొరసానమ్మ ఆపరేషను గది బయట కొళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది. ఆ రోజు మూడు ఆపరేషన్లు. ఆమె తల ఎత్తకుండానే ఇంగ్లీషులో అడిగింది: "షి హాజ్ నాట్ ఈటెన్ ఎనీథింగ్?" అంటే, ఆమె ఏమీ తినలేదు కదా, అని.

"నో" అంది జానమ్మ.

ఆమె మనసులో ఉన్న మాట తెలుగులోది. ఏమీ తినలేదు కదా అని మనల్ని ఎవరైనా అడిగితే, లేదు, తిన్నది అంటాం. ఆ లేదు అన్నంత వరకు చెప్పింది. మిగిలిన మాట కోసం వెతుక్కుంది. అంబలిని ఇంగ్లీషులో ఏమంటారో ఆమెకు తెలియదు. సూపు అనాలా? గంజికి ఒక మాట సిస్టరు చెప్పింది, అది నాలుక చివరి దాకా వచ్చి జారిపోతోంది. జానమ్మ ఇంకా వెతుకుతుండగానే దొరసానమ్మ "గుడ్" అని తల ఊపి, చేతులు పైకెత్తి పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

జానమ్మ అక్కడే నిలబడింది. వెనక పోయి, రెండు ముక్కల్లో షి ఏట్ అంటే చాలు. ఆ మాటలు ఆమెకు రెండో తరగతి నుంచీ వచ్చు. కానీ డాక్టరు, సిస్టరు, కాంపౌండరు అందరి ముందు తప్పుల తడకగా మాట్లాడాలంటే ఆమెకు చిన్నతనంగా తోచింది. పైగా దొరసానమ్మ గుడ్ అన్నది కదా. గిన్నెడు అంబలికి ఏమీ కాదని ఆమెకే తెలిసి ఉంటుంది. అట్లా తనకు తాను చెప్పుకుని, ఉప్పలమ్మ దగ్గరకు పోయి "ఏం గాదంట అవ్వా" అంది.

ఆండాళును లోపలికి తీసుకుపోయిన పావుగంటకు గదిలోంచి అరుపులు వినిపించాయి. పళ్లెమేదో కింద పడిన చప్పుడు. కాంపౌండరు తలుపు తోసుకుని ఆక్సిజను సిలిండరు కోసం పరుగెత్తాడు. తెరిచిన తలుపులోంచి జానమ్మకు ఆండాళు ముఖం కనిపించింది. నేరేడు పండు రంగులో ఉంది. శ్యామలమ్మ ఆమెను పక్కకు వంచి పట్టుకుంది. దొరసానమ్మ నోట్లో వేళ్లు పెట్టి తీస్తోంది. బల్ల మీద, నేల మీద తెల్లగా జొన్న అంబలి.

మత్తు మందు ఇచ్చాక కడుపులో ఉన్నది పైకి తన్ని, శ్వాసనాళంలోకి పోయింది. గంటసేపు కష్టపడి ప్రాణం నిలబెట్టారు. ఆపరేషను ఆపేశారు. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులకు పట్టిందని, పది రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేమని శ్యామలమ్మ అంది.

దొరసానమ్మ వరండాలోకి వచ్చింది. ఆమెకు అంత కోపం రావడం జానమ్మ ఎన్నడూ చూడలేదు. ఉప్పలమ్మ గోడకు ఆనుకుని నిలబడి వణుకుతోంది. పక్కన అప్పుడే ఊరి నుంచి వచ్చిన వెంకటరాజం.

"అబద్ధం ఎందుకు చెప్పిందో అడుగు" అంది దొరసానమ్మ ఇంగ్లీషులో.

లై అనే మాట జానమ్మకు వచ్చు. పోయిన వారమే దానితో వాక్యం రాసి టిక్కు పెట్టించుకుంది. ఆమె ఉప్పలమ్మ వైపు తిరిగింది.

"అబద్దం ఎందుకు చెప్పినవని అడుగుతాంది."

ఉప్పలమ్మ తెల్లబోయింది. "నేనెందుకు అబద్దమాడ్త బిడ్డా? పొద్దుగాల నువ్వడిగితే నీకే చెప్పిన గద! అంబలి తాపిన్నని చెప్తి, దొరసానిని అడుగమంటి. ఏం గాదంట అని నువ్వే వచ్చి చెప్తివి!" ఏడుస్తూ, గబగబా, చేతులు తిప్పుతూ చెప్పింది. అందులో దొరసానమ్మకు ఒక్క మాట కూడా అందలేదు.

"ఏమంటోంది?"

ఇద్దరి మధ్యా జానమ్మ నిలబడింది. వాళ్లిద్దరిలో ఎవరి మాటైనా రెండో వాళ్లకు చేరాలంటే ఆమె నోటి గుండానే చేరాలి. వెంకటరాజానికి ఇంగ్లీషు రాదు. సిస్టరు లోపల ఉంది. చెబితే ఈ పని పోతుంది. మళ్లీ చీపురు, బకెట్టు. ఆ ఆలోచన రెప్పపాటు కాలమే పట్టింది.

"షి సేస్ షి ఈజ్ సారీ" అంది జానమ్మ.

తప్పయిపోయిందంటోంది, అని. ఆమె జీవితంలో అంత తేటగా, తడబడకుండా ఇంగ్లీషు వాక్యం పలికింది అదే మొదటిసారి.

"తప్పయిందంటే సరిపోదు" అంది దొరసానమ్మ. "ఆమె ఇంక వార్డులోకి రాకూడదు."

"నువ్వు లోపలికి రావద్దంటాంది" అంది జానమ్మ నేల చూస్తూ.

ఉప్పలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. ఏదో అర్థం కాక, ఇంకా ఏమైనా చెబుతుందేమోనని చూసింది. జానమ్మ చేతిలో ఏమీ లేకున్నా ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఉప్పలమ్మ వంటల షెడ్డు పక్కన వేపచెట్టు కింద కూర్చునేది. వార్డులో కథ పెరిగింది. అత్తే కావాలని పెట్టిందట, పిల్లలు కావడం లేదని వదిలించుకోవాలని చూసిందట అని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ముందే చెప్పి ఉంటే దొరసానమ్మ మత్తు ఎందుకిస్తుందని వెంకటరాజం తల్లి మాట నమ్మలేదు, ఆమెతో మాట మానేశాడు. ఒకసారి ఆమె "కోడలు కండ్లు తెరిసిందా బిడ్డా?" అని వెంటపడితే అందరూ వినేటట్టు అరిచాడు. "సంపబోయినవు, ఇంక సాలదా? పో, ఇంటికి పో!" నీళ్ల కడవ నింపుకుంటున్న జానమ్మ ఆ మాట విన్నది. కడవ నిండి పొర్లిపోతున్నా ఆమెకు సోయి లేదు.

ఆ వారం సిస్టరు ఇచ్చిన మాటలకు ఆమె వాక్యాలు రాయలేకపోయింది. ఒంట్లో బాగాలేదంది. అన్నం ముందు కూర్చుంటే నేల మీద పడిన అంబలి కనిపించేది. ఆదివారం ప్రార్థనలో అందరూ తలలు వంచినప్పుడు ఆమె మాత్రం కళ్లు తెరుచుకునే ఉంది. ఆ నిమిషంలో దేవుడికి ఏం చెప్పాలో తెలియలేదు. షెడ్డు వైపు పోవలసి వస్తే చుట్టు తిరిగి పోయేది.

అయినా ఎనిమిదో రోజు ఎదురుపడక తప్పలేదు. ఉప్పలమ్మ బావి దగ్గర ముఖం కడుక్కుంటోంది. వారం రోజుల్లోనే చెంపలు పీక్కుపోయాయి. జానమ్మను చూసి, తానే దగ్గరకు వచ్చింది.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత, మనసుల పెట్టుకోకు. ఆ పొద్దు నేను నీకు చెప్పిన్నా, చెప్పలేదా? చెప్పిననే అనుకుంటున్న. కాని అందరు చెప్పలేదంటున్నరు. నా కొడుకు గూడ అంటాండు. ముసల్దాన్నయితి. మతి తప్పిందో ఏమో. చెప్దామని మనసుల అనుకొని నోట చెప్పలేదో ఏమో. నాకేం యాదికొస్తలేదు."

ముసలమ్మ మీద నింద వేసింది చాలక, చివరికి ఆమె జ్ఞాపకం మీద ఆమెకే నమ్మకం లేకుండా చేశానని జానమ్మకు అర్థమైంది. "ఇప్పుడే వస్త అవ్వా" అని, తిన్నగా దొరసానమ్మ గదికి నడిచింది.

దొరసానమ్మ ఏదో రాసుకుంటోంది. జానమ్మ తలుపు దగ్గరే నిలబడి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. పెద్ద మాటలేవీ గుర్తురాలేదు. అవసరమూ పడలేదు.

"షి టోల్డ్ మి. ఐ డిడ్ నాట్ టెల్ యూ." ఆమె నాకు చెప్పింది. నేను మీకు చెప్పలేదు.

దొరసానమ్మ కలం కింద పెట్టింది. "కానీ నేను అడిగాను కదా. నువ్వు నో అన్నావు."

జానమ్మ కొంత ఇంగ్లీషులో, కొంత తెలుగులో విప్పి చెప్పింది. తెలుగులో లేదు అంటే మీరన్నది నిజం కాదని కూడా అర్థమని. తినలేదు కదా అంటే, లేదు, తిన్నది అని. తాను సగమే చెప్పానని, అంబలికి మాట దొరకక ఆగిపోయానని. దొరసానమ్మ ఆ ప్రశ్నను పెదవులతో మళ్లీ పలికి చూసుకుంది. ఆమె ముఖంలో రంగు పోయింది. తినలేదు కదా అని అడగకుండా, తిన్నదా అని అడిగి ఉంటే సరిపోయేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"అందులో నా తప్పూ ఉంది" అంది చివరికి.

జానమ్మకు కన్నీళ్లు వచ్చాయి. బయటపడ్డాననుకుంది.

"మరి వరండాలో?" అంది దొరసానమ్మ. గొంతు పెంచలేదు. "అబద్ధం ఎందుకు చెప్పిందని అడగమన్నాను. అప్పుడామె ఏమంది?"

జానమ్మ చేత్తో కళ్లు తుడుచుకుంది.

"అప్పుడు కూడా మాట దొరకలేదా?"

జానమ్మ తల అడ్డంగా ఊపింది. దొరికింది. అన్ని మాటలూ దొరికాయి. సిగ్గుతో మెడ వంగిపోయింది. ఆ గదిలో నిలబడటం కంటే కొరడా దెబ్బలు తినడం నయమనిపించింది.

"వాళ్లకు నువ్వే చెప్పాలి" అంది దొరసానమ్మ. "నేను నీ పక్కన నిలబడతాను."

ఆడవాళ్ల వార్డులో, ఇరవై మంచాల మధ్య, ఉప్పలమ్మను లోపలికి పిలిపించి, జానమ్మ చెప్పింది. శ్యామలమ్మ వింది. వెంకటరాజం విన్నాడు. "ఈ అవ్వ అబద్దం ఆడలే. అంబలి తాపిన్నని నాకు చెప్పింది. నేనే దొరసానమ్మకు సక్కగ చెప్పలే. ఎనక అవ్వ మాట మార్చి చెప్పిన. తప్పంత నాది." చివరి మాట వెనక మంచాల వాళ్లకు వినిపించి ఉండదు.

వెంకటరాజం ముందుకు వచ్చాడు. చెయ్యి ఎత్తుతాడేమో అనుకుంది జానమ్మ. ఎత్తితే బాగుండుననిపించింది. కానీ అతను తల్లి వైపు చూసి, చూడలేక, బయటికి వెళ్లిపోయాడు.

ఉప్పలమ్మ మాత్రం పెద్దగా ఊపిరి తీసుకుంది. "అయితే నా మతి మంచిగనే ఉన్నది" అంది. జ్వరం తగ్గుముఖం పట్టిన కోడలి మంచం మీద కూర్చుని నుదుటి మీద చెయ్యి పెట్టింది. జానమ్మ వైపు మళ్లీ చూడలేదు.

జానమ్మను దుబాసీ పని నుంచి తీసేశారు. మళ్లీ నేల కడిగే పని. సాయంకాలం మాటలు ఇవ్వడం శ్యామలమ్మ మానేసింది. "నీకు మాటలొచ్చు. నేను నేర్పాల్సింది అది కాదని ఇప్పుడు తెలిసింది" అంది ఒక్కసారి. ఆ తర్వాత తిట్టలేదు, పలకరించలేదు.

మూడు వారాలకు ఆండాళు కోలుకుంది. మళ్లీ ఆపరేషనుకు రోజు పెట్టారు. రోగుల మాట శ్యామలమ్మే దొరసానమ్మకు చెబుతోంది. ఆపరేషనుకు ముందు రోజు మధ్యాహ్నం జానమ్మ వరండా మెట్లు తుడుస్తుంటే ఉప్పలమ్మ వచ్చి పై మెట్టు మీద కూర్చుంది.

"పిల్లా" అంది. బిడ్డా అనలేదు. "తినలేదు అని వాళ్ల మాటల ఎట్లంటరు?"

"సిస్టరమ్మ చెప్తది గద అవ్వా."

"ఎవ్వలు చెప్పుడద్దు. నా మాట నేనే చెప్పుకుంట. నాకు నేర్పు."

జానమ్మ చేతిలో గుడ్డ అట్లాగే ఉండిపోయింది. మనిషి మీద మనిషికి నమ్మకం పోతే ఎట్లా ఉంటుందో ఆ ముసలమ్మ పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తున్నట్టుంది. అయినా నేర్పింది.

"షి డిడ్ నాట్ ఈట్."

"సీ డిన్ నాటీటు."

"ఒక్కొక్క మాట అవ్వా. ఉత్తగ నో అని ఊకోవద్దు. మొత్తం చెప్పాలె."

ఉప్పలమ్మ యాభైసార్లు అన్నది. కండెలు చుట్టేటప్పుడు దారం తెగితే ఓపికగా ముడి వేసుకునే మనిషి, మాట తెగిన చోటల్లా మళ్లీ మొదటి నుంచి అందుకుంది. చివరికి నాలుగు మాటలూ వేరు వేరుగా నిలబడ్డాయి. లేచి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

తెల్లవారి ఆపరేషను గది ముందు దొరసానమ్మను ఆమె అడ్డగించింది. వరండా చివర బకెట్టుతో నిలబడిన జానమ్మకు అక్కడి నుంచే వినిపించింది. "షి. డిడ్. నాట్. ఈట్." దొరసానమ్మ ఆగి, ఇంకేదో అడిగింది. ఆ ప్రశ్న ఉప్పలమ్మకు తెలియలేదు. తెలిసినదాన్నే మళ్లీ, ఇంకా గట్టిగా చెప్పింది. దొరసానమ్మ రెండు చేతులూ జోడించి, తనకొచ్చిన తెలుగులో "నమ్ముచున్నానమ్మా" అని లోపలికి వెళ్లింది.

ఆపరేషను బాగా జరిగింది. పెద్ద కొబ్బరికాయంత గడ్డ తీశారు. పదిహేను రోజులకు ఆండాళు తన కాళ్ల మీద నడిచి బస్సు దగ్గరకు పోయింది. తల్లి చేతిలోని మూటను వెంకటరాజం అందుకోబోతే ఉప్పలమ్మ ఇయ్యలేదు, తనే మోసుకుంది.

జానమ్మ గేటు దాకా వచ్చింది. దగ్గరకు పోవాలా వద్దా అని ఆగిపోతే, ఉప్పలమ్మే వెనక్కి తిరిగింది.

"అందరి ముంగట ఒప్పుకున్నవు. గది మంచిగ చేసినవు" అంది. "కాని నా కొడుకు గంత మాట అన్నడు. ఆ మాట నువ్వు ఎనుకకు తెస్తవా పిల్లా?"

జవాబు కోసం ఆగకుండా పోయి బస్సెక్కింది. బస్సు దుమ్ము లేపుకుంటూ చిట్యాల వైపు పోయింది.

ఏడాది తిరిగాక కొత్త మనిషి ఎవరూ దొరక్క దొరసానమ్మ జానమ్మనే మళ్లీ దుబాసీగా పిలిచింది. మొదటి రోజు వచ్చిన ముసలాయన సూదిమందుకు మండిపడి, దొరసానమ్మను నానా తిట్లు తిట్టాడు. జానమ్మ ఒక్కటీ వదలకుండా ఇంగ్లీషులో చెప్పింది. దొరసానమ్మ పగలబడి నవ్వింది, కాంపౌండరు నవ్వాడు. జానమ్మ నవ్వలేదు. తరువాతి మనిషి చెబుతున్నది వినడానికి ముందుకు వంగింది.